సజ్జ మీద అలిగి పడుకున్న వీసీఆర్‌కు

మహారాజశ్రీ వీసీఆర్ గారికి, నల్లగొండ రామగిరి నుంచి మీ యజమాని రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగాల్సిన పని లేదు. నాలుగు నెలలుగా మీ పేగులు నా ముందే బల్ల మీద పరిచి ఉన్నాయి.

పేగుల దాకా చూసినాక మీరూ గారూ అనడం నా వల్ల కాదు. నువ్వు అనే అంటాను, ఏమనుకోకు.

నీ వైభవం నీకు గుర్తుందో లేదో. 1992లో మా బావ దుబాయి నుంచి నిన్ను దుప్పట్లో చుట్టి తెస్తే వాడకట్టంతా వచ్చి ముందు నిన్ను చూసింది, ఆ తర్వాత బావను పలకరించింది. మా అమ్మ నీ మీద కప్పడానికి పూల గుడ్డ కుట్టింది. దేవుడి పటానికి దండ మారినా మారకపోయినా శుక్రవారం శుక్రవారం నీ గుడ్డ మారేది. పిల్లలు నీ దగ్గరికి రాకూడదు, నీ పక్కన నీళ్ళ చెంబు పెట్టకూడదు, నీ ముందు గట్టిగా తుమ్మకూడదు. అత్తగారింట్లో కొత్త అల్లుడికి కూడా అంత మర్యాద లేదు. మరుసటి ఏడే అల్లుణ్ణి అయ్యాను కాబట్టి ఈ మాట తెలిసే అంటున్నాను.

అంతకు ముందు నీ జాతి వాళ్ళను కిరాయికి తెచ్చుకునేవాళ్ళం. పీర్ల పండుగ కానీ, వినాయక చవితి కానీ, రాత్రికి ఒక కలర్ టీవీ, ఒక వీసీఆర్, మూడు క్యాసెట్లు. మొదటి సినిమాకు ఊరంతా ఉండేది. రెండో సినిమా సగంలో కరెంటు పోయేది. అది వచ్చేసరికి మూడో సినిమాకు ఒక ముసలాయన, గోనెసంచి మీద నిద్రపోతున్న ఇద్దరు పిల్లలు, ఒక కుక్క మిగిలేవాళ్ళు. అయినా కిరాయి ఇచ్చిన పాపానికి తెల్లారేదాకా నడిపేవాళ్ళం. ముసలాయన కళ్ళు కూడా మూతలు పడేవి, కుక్క మాత్రం చివరిదాకా చూసేది.

సరే, అసలు సంగతికి వస్తాను. మొన్న దసరాకు బిడ్డ హైదరాబాద్ నుంచి వచ్చి, "డాడీ, మీ పెళ్ళి క్యాసెట్ ఇవ్వు, పెన్‌డ్రైవ్‌లో ఎక్కిస్తా" అన్నది. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుంది. "ఇంకెక్కడి క్యాసెట్ బిడ్డా. ఎన్నడో ఆ వీసీఆర్ తిన్నది. మీ డాడీనే చెప్పిండు." అని, లేచిపోయి ట్రంకుపెట్టె తెరిచి, పెళ్ళి పట్టుచీర మడతల్లోంచి ఆ క్యాసెట్ తీసుకొచ్చింది. కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. "తిన్నంత తిన్నది. మిగిలిందన్న ఉంటది గదా అని దాచిన."

అట్లా నిన్ను సజ్జ మీద నుంచి దింపాల్సి వచ్చింది.

ప్రకాశం బజారుకు తీసుకుపోయాను. ఒకప్పుడు నీ బొమ్మ బోర్డు మీద వేసుకున్న దుకాణంలో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. కౌంటర్‌లో పిల్లగాడు నిన్ను అటూ ఇటూ తిప్పి, "ఏంది అంకుల్ ఇది, ఇన్వర్టరా?" అన్నాడు. లోపల కూర్చున్న వాళ్ళ నాన్న తల ఎత్తకుండానే, "ఇప్పుడు ఎవ్వరు చేస్తలేరు సార్. పార్టులు దొరకవు. పాత సామాను బండికి వెయ్యుండ్రి" అన్నాడు. ఆ బండి వాడు కూడా మైకులో పాత ఫ్రిజ్జులు, పాత కూలర్లు, పాత బ్యాటరీలు అని అన్నీ చదువుతాడు గానీ నీ పేరు చదవడు. నీకంటే సైకిల్ చక్రానికి విలువెక్కువ. 2016 జులైలో జపాన్‌లో ఫునాయ్ కంపెనీ ఆఖరి వీసీఆర్లు చేసి ఆ పని బంద్ చేసింది కాబట్టి, కొత్త చుట్టాలు పుడతారన్న ఆశ కూడా నీకు లేదు.

ఇంక నేనే స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. రిటైరైన మనిషికి స్క్రూడ్రైవర్ దొరికితే ఇంట్లో ఏ వస్తువుకూ భద్రత ఉండదని మా ఆవిడ అంటుంది, అది వేరే సంగతి.

నీ జబ్బు లక్షణాలు ఇవి. క్యాసెట్ పెడితే మర్యాదగా లోపలికి తీసుకుంటావు. కాసేపు గురగురమంటావు. టక్కున ఆరిపోతావు. అడిగితే క్యాసెట్ తిరిగి ఇవ్వవు. చేబదులు తీసుకున్న చుట్టం లాగా.

మూత విప్పి చూస్తే కారణం ఏమిటి? ఒక రబ్బరు బెల్టు. చిటికెన వేలికి గాజులా తొడుక్కునేంత ఉంటుంది. దాన్ని తీద్దామని వేలు పెడితే బెల్టు రాలేదు, తారు వచ్చింది. నల్లగొండ ఎండకు రోడ్డు మీది తారే కరుగుతుంది. స్లాబుకు ఆనుకుని ఇరవై ఎండాకాలాలు ఉడికావు, నీ రబ్బరు మాత్రం ఎందుకు ఆగుతుంది? ఆ నలుపు సబ్బుకు పోలేదు, కిరోసిన్‌కు పోలేదు. నా వేళ్ళ నుంచి తలుపు గొళ్ళేనికి, గొళ్ళెం నుంచి పాలగిన్నెకు పాకింది. పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, ఆ బెల్టు తిరిగే చక్రాల గాడిని మూడు పూటలు కడిగాను. కొంచెం మిగిలినా కొత్త బెల్టు జారిపోతుంది.

కొత్త బెల్టు కోసం హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి పోయాను. పోను వంద కిలోమీటర్లు, రాను వంద. నాలుగు దుకాణాల్లో నన్ను జాలిగా చూశారు. అయిదో దుకాణంలో ఒక పెద్దాయన బిస్కెట్ డబ్బా దించి, అందులోంచి బెల్టుల చిక్కుముడి తీసి, నేను దారంతో కొలిచి తెచ్చిన కొలతకు కొంచెం బిగుతుగా ఉండేది ఏరి ఇచ్చాడు. "పాతది సాగి ఉంటది సాబ్, దాని కొలత తీసుకుంటే మోసపోతరు" అన్నాడు. బెల్టు ధర కంటే నేను తాగిన చాయ్‌ల ఖర్చే ఎక్కువైంది.

నువ్వు అంతటితో బాగైతే అది నువ్వెందుకవుతావు? నువ్వు ప్లేలో ఉన్నావో, రివైండ్‌లో ఉన్నావో, క్యాసెట్ బయటికి ఇస్తున్నావో నీకే తెలియాలని లోపల ఒక చిన్న స్విచ్చు పెట్టారు. మోడ్ స్విచ్ అంటారు. దానికి మకిలి పడితే నీకు దిక్కుతోచదు, సగం పని చేసి ఆగిపోతావు. నేను రిటైరైన ఆఫీసులో ఆ స్విచ్చు పోయినవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. వాళ్ళకు ప్రమోషన్లు వచ్చాయి, నీకు నేను వచ్చాను.

ఆ తర్వాత రీళ్ళు తిప్పే బుల్లి చక్రం. దాని చుట్టూ ఉన్న రబ్బరు గాజులా బిగుసుకుపోయి జారుతున్నది. పాత సైకిల్ ట్యూబును ఉంగరంలా కత్తిరించి తొడిగాను. పాడైపోయినా ఫరవాలేదనుకున్న ఒక పనికిరాని క్యాసెట్ పెట్టాను. రెండు నిమిషాల్లో లోపల సేమియా తయారైంది.

అప్పుడు తెలిసింది నీ గుట్టు. వీసీఆర్ టేపు తింటుందని లోకమంతా అంటుంది గానీ నువ్వు తినేది లేదు. ఇటు నుంచి సన్నటి ఇనుప కడ్డీ, దానికి ఆనుకున్న రబ్బరు రోలరు కలిసి టేపును ముందుకు తోస్తూనే ఉంటాయి. అటు చుట్టుకోవాల్సిన రీలు చుట్టుకోవడం మానేస్తుంది. తోసింది తోసినట్టే మధ్యలో కుప్పపడి, మడతలుపడి, నలుగుతుంది. అంటే పాపం నీది కాదు, ఆ చక్రానిది. ఈ ముక్క గుర్తుపెట్టుకో, ముందు ముందు నాకే అడ్డం తిరుగుతుంది.

నీ డ్రమ్ము మాత్రం, అబద్ధం ఎందుకు, చూస్తూ కూర్చున్నాను. 62 మిల్లీమీటర్ల గుండ్రటి లోహం, కొంచెం పక్కకు వాలి నిలబడి, నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. దాని అంచున టేపు మీది బొమ్మను చదివే రెండు హెడ్లు. ఒక్కో దాని నోరు వెంట్రుకను నిలువునా వందకు పైగా చీలికలు చేస్తే వచ్చేంత. టేపు సెకనుకు రెండున్నర సెంటీమీటర్లు కూడా కదలదు, కానీ తిరిగే హెడ్డు దాని మీద ఏటవాలుగా సెకనుకు దాదాపు అయిదు మీటర్ల గీత గీస్తుంది. బొమ్మ నిలవాలంటే అంత వేగం కావాలి. మూడు గంటల క్యాసెట్లో ఉన్న టేపు సుమారు 258 మీటర్లు. హెడ్డును కదలకుండా పెట్టి టేపునే ఆ వేగంతో లాగి ఉంటే మా పెళ్ళి మొత్తం నిమిషంలోపే అయిపోయేది. ఎంత తొందరలో ఉన్న అయ్యగారు కూడా అంత తొందరగా చేయించడు.

ఆ హెడ్డు తుడవడం ఒక తపస్సు. మెత్తటి తోలు ముక్కను స్పిరిట్‌లో తడిపి డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకోవాలి. తిప్పాల్సింది డ్రమ్మును, రెండో చేత్తో, మెల్లగా. పైకీ కిందికీ రుద్దితే హెడ్డు విరుగుతుంది. దూదితో తుడిస్తే పోగు అంచుకు చిక్కుకుని దాన్నే పీకుతుంది. ఊపిరి బిగబట్టి ఆ పనిలో ఉంటే మా ఆవిడ వంటింటి గడప మీద నిలబడి, "పసిపిల్లకు నీళ్ళు పోసినట్టు పోస్తున్నవు. మన బిడ్డకు ఒక్కనాడన్న పోసినవా?" అన్నది. డ్రమ్ము ఆగిపోయింది. జవాబు లేక నేనే ఆపాను.

సంక్రాంతికి బిడ్డ మళ్ళీ వచ్చింది. ఒరిజినల్ రబ్బరు చక్రం పడ్డది, కొత్త బెల్టు పడ్డది, పవర్ సప్లైలో ఎండిపోయిన రెండు కెపాసిటర్లు మారాయి. ప్లగ్గు పీకినా వాటిలో పెద్దదానికి కాసేపు కరెంటు నిలిచే ఉంటుందని పుస్తకాల్లో చదివాను, ఆ తర్వాత మోచేతి దాకా స్వయంగా తెలుసుకున్నాను. తల్లీ కూతుళ్ళు సోఫాలో కూర్చున్నారు. క్యాసెట్ నా చేతికిచ్చారు. బూజు పట్టిన టేపు పెడితే హెడ్డు పోతుంది కాబట్టి వెలుతురుకు ఎత్తి కిటికీలోంచి చూశాను. కలరా ఉండల పుణ్యం, తెల్లమచ్చ ఒక్కటి లేదు. నలిగిన టేపు కూడా లేదు. పక్కకు తిప్పాను.

క్యాసెట్ వీపున ఎడమ మూల ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఆ క్యాసెట్ మీద ఇంక రికార్డు కాదు. మా పెళ్ళి వీడియో తీసిన అతను నా చేతికి ఇచ్చేముందే పుటుక్కున విరిచి, "బేఫికర్ సార్, దీన్ని ఇంక ఎవ్వరు చెడగొట్టలేరు" అన్నాడు. ఆ కంత మీద ఇప్పుడు పసుపుపచ్చగా మారిన సెల్లోటేపు ముక్క ఉంది. కంత మూస్తే మళ్ళీ రికార్డు అవుతుంది. ఆ కిటుకు మా ఇంట్లో తెలిసినవాడు ఒక్కడే.

1996 మార్చి 13. ఈడెన్ గార్డెన్స్. శ్రీలంకతో ప్రపంచకప్ సెమీఫైనల్. 252 కొట్టాలి, 98కి ఒక్కటే వికెట్, సచిన్ ఆడుతున్నాడు. గెలుపును దాచుకోవాలని ఇల్లంతా వెతికితే ఖాళీ క్యాసెట్ దొరకలేదు. చేతికి దొరికింది ఇది. నాకు చూసినది చూసినట్టే వదిలేయడం తప్ప రివైండ్ చేసే అలవాటు ఎన్నడూ లేదు కాబట్టి, తలంబ్రాలు అయిపోయిన చోట ఆగి ఉంది. మర్నాడు మా ఆవిడ అడిగితే, "వీసీఆర్ తిన్నది" అన్నాను. చుట్టాలకు చెప్పాను, నిన్ను తెచ్చిన బావకూ చెప్పాను. చెప్పగా చెప్పగా ముప్పై ఏళ్ళలో నాకే నిజమైపోయింది.

వీసీఆర్, నిన్ను బాగుచేయడానికి నాలుగు నెలలు కష్టపడ్డవాణ్ణి, ప్లే నొక్కుతూ లతీఫ్ షావలీ దర్గా గుట్ట వైపు తిరిగి మొక్కుకున్నాను. బెల్టు జారాలి. స్విచ్చు పోవాలి. ఒక్కసారి, ఈ ఒక్కసారి నిజంగా నమలాలి.

నువ్వు పాడావు. తెర మీద ఒక్క గీత లేదు, గీతలు సరిచేసే ట్రాకింగ్ బటన్ ముట్టుకోవాల్సిన పని లేదు. కొత్తగా ఉన్నప్పుడు కూడా ఇంత శుభ్రంగా పాడలేదు. గుండె ఆకారంలో మా ఇద్దరి మొహాలు గింగిరాలు తిరిగాయి. పోయిన మా మామ పంచె ఎగ్గట్టి పప్పు వడ్డించాడు. మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు, ముందుకు జరిగి కూర్చుంది. తలంబ్రాలు అయ్యాయి. అప్పగింతలకు మా అత్త ఆమె చెయ్యి పట్టుకుని నా వైపు తిరిగింది. తెర ఒక్కసారి వణికింది.

సచిన్ స్టంపౌట్. 98కి రెండు. ఇంకొకటి. ఇంకొకటి. 120కి ఎనిమిది. స్టేడియంలో సీసాలు, మంటలు. మ్యాచ్ శ్రీలంకకు ఇచ్చేశారు. వినోద్ కాంబ్లీ మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చుకుంటూ బయటికి వస్తున్నాడు.

బిడ్డ నా వైపు చూసింది. నేను నీ వైపు చూశాను. మా ఆవిడ తెర వైపే చూస్తూ, చాలాసేపటికి అన్నది:

"పాపం, మా అమ్మకంటే ఎక్కువ ఏడుస్తుండు. ఒడిబియ్యం పోసి పంపకపోయినవా?"

అప్పటి నుంచి నీ మీద మళ్ళీ పూల గుడ్డ పడింది. నాకు చాయ్ బంద్ అయింది. మా అత్త సగం తిరిగిన ఆ ఒక్క క్షణం దగ్గర ఆపి, మళ్ళీ వెనక్కి తిప్పి, మా ఆవిడ రోజుకు రెండుసార్లు చూస్తున్నది. నువ్వు ఒక్కసారి కూడా మొరాయించలేదు.

రేపు బిడ్డ పుట్టువెంట్రుకల క్యాసెట్లు కూడా తీస్తారట. మూడున్నాయి. రాత్రి అందరూ పడుకున్నాక ట్రంకుపెట్టె తెరిచి చూశాను. రెండింటికి సెల్లోటేపు ఉంది.

ఇట్లు,
నీ మీద నింద వేసిన
నీ మెకానిక్