హోమ్‌స్టడీ గారికి, కొత్త ఇంటి నుంచి

మహారాజశ్రీ హోమ్‌స్టడీ రిపోర్టు గారి సముఖమునకు టెక్సస్ రాష్ట్రం, ఫ్రిస్కో నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కాని దత్తత కోరే దంపతుల ఇల్లూ బతుకూ పరిశీలించి రాసే నివేదిక తమరు, మేము క్షేమమో కాదో తేల్చవలసినది తమరే కనుక ఆ వాక్యాన్ని తమరి కోసం ఖాళీగా వదిలిపెట్టాను.

మేము ఇర్వింగ్‌లోని అపార్ట్‌మెంటు వదిలి ఈ ఇల్లు కొన్నది తమరి మాట మీదే. తమరి తరఫున వచ్చిన సోషల్ వర్కర్ గారు మా హాలును ఆ గోడ నుంచి ఈ గోడ దాకా ఒకసారి చూసి, భారతదేశం నుంచి బిడ్డను తెచ్చుకోబోయేవారికి మరికాస్త చోటుంటే బాగుంటుందని మెత్తగా అన్నారు. 30 ఏళ్ల అప్పు చేసి ఆ చోటు కొన్నాం. తాళాలు చేతికి వచ్చిన వారంలోనే, చిరునామా మారింది కాబట్టి సంతకం దాకా వచ్చిన తమరు మళ్లీ మొదటికి వెళ్లారని కబురు వచ్చింది. నోటరీ చేయించి, ఆస్టిన్‌కు పంపి, విదేశంలో చెల్లడానికి అపొస్టీల్ అనే ముద్ర వేయించుకున్న కాగితాల్లో ఉన్న దంపతులు ఇర్వింగ్‌వారట. ఫ్రిస్కోలో ఉన్నవాళ్లెవరో ఇంకా తెలియదట.

తమరి తీరిక మాకు అర్థమవుతుంది గాని, మా లెక్కలు కూడా ఒకసారి చిత్తగించండి. విదేశీ బిడ్డను దత్తత తెచ్చుకోవడానికి అర్హత కోరే ఐ-800ఏ దరఖాస్తుతో అమెరికా ఇమిగ్రేషన్ వారికి చేరేనాటికి తమరి వయసు 6 నెలలు దాటకూడదు. మా వేలిముద్రల ఆయుష్షు 15 నెలలు. దత్తతలను చూసే ఢిల్లీలోని కేంద్ర సంస్థ కారా పోర్టల్‌లో మా వరుస మొదలయ్యేది మేము బిడ్డ కావాలనుకున్న రోజు నుంచి కాదు, తమరిని అప్‌లోడ్ చేసిన రోజు నుంచి. 2022 నాటి దత్తత నిబంధనల ప్రకారం రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే దంపతులిద్దరి వయసూ కలిపి 85 దాటకూడదు. మాది 83. లోకంలో అందరికీ ఏడాదికి ఒక ఏడు పెరుగుతుంటే మాకు మాత్రం రెండేసి పెరుగుతున్నాయి.

గృహప్రవేశం నాడు పాలు బాగానే పొంగాయి. పొంగిన పాలు కరెంటు పొయ్యి మీద పడి మాడగానే పైన ఉన్న పొగ అలారం కెవ్వుమన్నది. పురోహితుడు గారు గొంతు పెంచారే గాని మంత్రం ఆపలేదు. మా ఆయన పట్టుపంచె ఎగగట్టి, కుర్చీ ఎక్కి, తాంబూలం పళ్లెంతో విసరసాగారు. ఆ గోలలో నాకు వచ్చిన మొదటి ఆలోచన, ‘అలారం పనిచేయుచున్నదా’ అన్న తమరి ప్రశ్నకు ఇక ధైర్యంగా ‘అవును’ అని రాయవచ్చునని.

బిడ్డ గది సంగతి వేరు. మంచం తలవైపు దక్షిణానికి ఉండాలని రాజమండ్రి నుంచి మా అత్తగారు వీడియో కాల్‌లో శాసించారు. దక్షిణపు గోడకు కిటికీ ఉన్నది. మంటలు లేస్తే బయటపడవలసిన దారి అదే కనుక దానికి ఏదీ అడ్డం పెట్టరాదని తమరి శాసనం. ఎవరి బిడ్డో, ఎక్కడున్నదో, అసలు పుట్టిందో లేదో తెలియని ప్రాణి కోసం ఆ మంచం ఇప్పటికి నాలుగుసార్లు ప్రదక్షిణ చేసింది. అత్తగారు కాల్ చేసినప్పుడు ఒక గోడకు, తమరు వచ్చేటప్పుడు ఇంకొక గోడకు ఉంటుందని ఇక్కడే ఒప్పేసుకుంటున్నాను.

బంధువులు కాని వారి నుంచి సిఫారసు లేఖలు అడిగారు. పాత అపార్ట్‌మెంటులో ఎదురింటి ఆవిడ ప్రేమగా రాస్తూ నన్ను ‘మా వదిన’ అన్నది. బంధువుల లేఖ చెల్లదని తిప్పి పంపారు. మాలో కూరగాయల దుకాణం ఆయన కూడా అన్నయ్యేనని వివరించడానికి ఒక పేజీ సంజాయిషీ రాయవలసి వచ్చింది. చిన్నప్పుడు మిమ్మల్ని ఎలా దండించేవారన్న ప్రశ్నకు మా ఆయన నిజాయితీగా గోడకుర్చీ అన్నారు. అదేమి కుర్చీ అని సోషల్ వర్కర్ గారు అడిగారు. ఆయన లేచి గోడకు వీపు ఆనించి వేసి చూపించారు. ఎంతసేపు అని అడిగి, జవాబు రాసుకుని, బిడ్డ మీద చెయ్యి చేసుకోబోమనే హామీపత్రాన్ని ముందుకు జరిపారు. మేము సంతకం చేశాం, ఆయన ఇంకా గోడకు ఆనుకునే.

తమరి అనుమానం మీద నాకు కోపం లేదు. లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది విదేశీ దత్తతల్లోని అక్రమాల గురించి సుప్రీంకోర్టుకు ఉత్తరం రాస్తే, దాన్నే పిటిషన్‌గా తీసుకుని కోర్టు 1984లో తీర్పు ఇచ్చింది. మన దేశపు దత్తతల్లో తమరికి పీట వేసినది ఆ తీర్పే. ఉత్తరం రాస్తే పని జరుగుతుందన్న నా ఆశకు తమరి చరిత్రే ఆధారం. ఆ తరువాత కూడా, 1999లోనూ 2001లోనూ, మన తండాల్లో లంబాడా తల్లుల దగ్గర ఆడపిల్లలను కొని దత్తతకు పంపిన వ్యవహారాలు బయటపడ్డాయి. ఆ వార్తలు చదివిన తెలుగుదాన్ని నేను. బిడ్డ ఎవరిదో, తల్లి నిజంగా ఇష్టపడే వదులుకున్నదో లేదో తేల్చడానికి ఇంకో ఏడాది పడుతుందన్నా ఎదురుచూస్తాను. నా గోడు అది కాదు. ఆ తల్లి వేలిముద్ర ఎలా పడిందో చూడవలసిన కళ్లు, నా గీజర్ నీళ్లు 120 డిగ్రీల ఫారన్‌హీట్ దాటాయా లేదా అని ఇంత దీక్షగా చూస్తుంటే భయం వేస్తుంది. ఎందుకంటే ఆ కొన్న పిల్లల కాగితాల మీద కూడా ముద్రలు ఉన్నాయి.

వచ్చే శనివారం మూడో పడకగది కొలవడానికి తమరు వేంచేస్తున్నట్టు తెలిసింది. విప్పని అట్టపెట్టెలు గరాజులోకి చేర్చాం. మందులకు తాళం వేశాం. తాళం చెవి ఎక్కడ పెట్టామో వెతుకుతున్నాం, శనివారానికి దొరుకుతుంది. అల్లం టీ ఇస్తాం, పొంగకుండా చూసుకుంటాం.

ఇట్లు,
పాత చిరునామాలో అర్హులు, కొత్త చిరునామాలో పరిశీలనలో ఉన్న దంపతులు