రాణి రుద్రమ గ్లాసు అంచున అమెరికా కారం

రాత్రి పన్నెండున్నరకు ఇంటికొచ్చాను. నిద్ర పట్టట్లేదు, అందుకే రాస్తున్నా. చదివే ఓపిక లేనివాళ్లు లైక్ కొట్టి పొండి, ఏమనుకోను.

మా ఇంటర్ బ్యాచ్ ఐదుగురం హన్మకొండలో కలిశాం. కొత్త బార్. గోడ మీద కాకతీయ తోరణం బొమ్మ, అది లేకుండా మన దగ్గర సెలూన్ కూడా తెరవరు కదా. మేమంతా బీరు మొహాలమే, కానీ ఈసారి కాక్‌టెయిల్స్ తాగుదాం అన్నాడు మావాడొకడు. వాడి గురించే ఈ పోస్ట్. పేరు రాయను, చదివితే వాడికే తెలుస్తుంది.

మొదట్లో అంతా బాగానే ఉంది. ఒకడు జిన్ అండ్ టానిక్ చెప్పాడు. నేనెక్కడ ఊరుకుంటా! ఆ టానిక్‌లో చేదు క్వినైన్‌ది, అది మలేరియా మందు, చేదు మింగలేక తెల్లదొరలు జిన్‌లో కలుపుకునేవాళ్లు, ఆ మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో పట్టుకున్నది మన సికింద్రాబాద్‌లోనే అని చెప్పా. అందరూ అబ్బో అన్నారు. ఇంకొకడు పంచ్ చెప్పాడు. ఆ మాట మన ‘పంచ’ నుంచే వచ్చిందంటారు, సారా, చక్కెర, నిమ్మ, నీళ్లు, మసాలా, మొత్తం ఐదు సరుకులు. 1632లో ఈస్టిండియా కంపెనీవాడొకడు నిజాంపట్నంలో ఉన్న వర్తకుడికి రాసిన ఉత్తరంలోనే ఆ మాట ఇంగ్లిషులో మొట్టమొదట కనిపిస్తుంది. తెలుగు గడ్డ మీదికొచ్చిన ఉత్తరంరా అది అంటే టేబుల్ గుద్ది మరీ చప్పట్లు కొట్టారు. యూట్యూబ్ ఛానల్ పెట్టురా అన్నారు. పిచ్చోణ్ని, పొంగిపోయా.

అప్పుడొచ్చింది మావాడు చెప్పిన గ్లాసు. పేరు ‘రాణి రుద్రమ’. 480 రూపాయలు. జామ రసం, వోడ్కా, గ్లాసు అంచు చుట్టూ ఉప్పూకారం. “కాకతీయుల కాలం రెసిపీ సార్” అన్నాడు తెచ్చిన పిల్లవాడు. పాపం, వాడికి చెప్పమన్నది వాడు చెప్పాడు. మావాడు మాత్రం ఫోటో తీసి, ‘మన రక్తంలోనే ఉంది కారం’ అని స్టేటస్ పెట్టాడు.

రుద్రమదేవి పోయింది 1289లో. వాస్కోడగామా కాలికట్‌లో దిగింది 1498లో. మిరపకాయ అమెరికా ఖండం పంట, పోర్చుగీసువాళ్ల ఓడల్లో ఆ తర్వాతే మన దగ్గరికొచ్చింది. జామకాయదీ అదే దారి. ఆమె కాలంలో కారం అంటే మిరియాలు. పొద్దున్నే పచ్చిమిర్చి కొరుక్కుని రుద్రమ గుర్రమెక్కిందా మరి? కాకతీయుల ఓరుగల్లును వర్ణించే పాత కావ్యం క్రీడాభిరామంలో పూటకూళ్లింటి పద్యం ఉంది, లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక్క రూకకు భోజనం. కప్పురభోగి అన్నం, గోధుమపిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. మిర్చి మాటే లేదు, టమాట మాటే లేదు. నిజంగా కాకతీయుల మెనూ కావాలంటే ఆ పద్యం గోడకు రాసి, ఆ భోజనం పెట్టి, 480 తీసుకోండి, నేనే ముందు లైన్లో నిలబడతా.

(సీతాఫలం కూడా అమెరికా నుంచి వచ్చిందే. ఈ మాట మా అమ్మకు చెప్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. సీతమ్మ పేరు పెట్టుకున్న పండును అట్లంటావా అని. అమ్మ కోపంలో న్యాయముంది. వీళ్ల కోపంలో ఏముంది?)

అవును, కోపమే. జిన్ గురించి చెప్తే జ్ఞాని, మిర్చి గురించి చెప్తే “నీకు మనదేదీ నచ్చదురా”. నేను మిర్చి వద్దన్నానా? మన చపాటా మిర్చికి 2025లో జీఐ, అంటే ‘ఇది ఈ ప్రాంతం పంటే’ అన్న గుర్తింపు వచ్చిన రోజు ఊరందరికీ మిఠాయి పంచింది నేను. మా నాయన ముప్పై ఏళ్లు పండించాడు మిర్చి. ఓడలో వచ్చిన గింజనే మా చెల్క మనదాన్ని చేసింది, నేనన్నది అంతే.

అప్పుడు వాడు గ్లాసు అంచు నాకుతూ, నవ్వుతూ అన్నాడు, “మరి మక్కలు కూడా అమెరికావే గదరా? అంటే మీ అమ్మ గట్క కూడా ఇంపోర్టెడేనా?”

టేబుల్ మొత్తం నవ్వింది. మక్కజొన్న అక్కడిదే, దాని రవ్వతో వండేదే గట్క, వాడన్నది అబద్ధం కాదు. నా లెక్క నాకే అప్పజెప్పాడు. కానీ వాడు అడిగింది మక్కల గురించి కాదు.

ఇంటర్ హాస్టల్లో ఓ ఆదివారం అమ్మ పొద్దున్నే బస్సెక్కి స్టీలు టిఫిన్‌లో మక్క గట్క, పైన చింతకాయ తొక్కు, పక్కన సీసాలో చల్ల తెచ్చింది. వీడే మూత తీసి, ముక్కు మూసుకుని, “ఇది మా బర్రెలకు పెడతం రా” అన్నాడు. అమ్మ ఇంకా గేటు దాటలేదు. వెనక్కి తిరిగి చూడలేదు గానీ, కొంగు సర్దుకుని నడక పెంచింది. ఆ రోజు నుంచి రెండేళ్లు నా పేరు గట్కగాడు.

వాళ్లది అడ్తి దుకాణం, రైతుల పంటను కమిషన్ మీద అమ్మిపెట్టేది. మా నాయన మార్కెట్‌లో బస్తాల మీద పడుకుని ధర కోసం రెండు రాత్రులు కాపలా కాసిన మిర్చికి, తరుగు పేరుతో బస్తాకు ఇంత అని కోసుకున్న ఇల్లు వాళ్లది. అప్పుడు ఈ ‘రక్తంలో కారం’ ఎటు పోయింది? ఇప్పుడు డాక్టర్ చెప్పాడట, పొద్దున జొన్న రొట్టె, రాత్రి కొర్రలు. నిన్న కూడా మెనూలో ‘మిల్లెట్ ప్లాటర్’ వెతికి మరీ చెప్పాడు, 390. తొక్కు అడిగితే చిన్న గిన్నెలో వేలెడంత పెట్టి 60 వేశారు. దాన్ని వేలితో నాకి, “హెరిటేజ్ రా ఇది” అని నాకే చెప్పాడు.

నేనేమీ అనలేదు. అనాల్సింది ఇరవై ఏళ్ల కింద, ఆ గేటు దగ్గర.

బిల్లు ఐదుగురికీ సమానంగా పంచారు. రుద్రమ రెండు గ్లాసులు వాడివి, ప్లాటర్ వాడిది, నేను తాగింది ఒక్క నిమ్మకాయ సోడా, బండి నడపాలి కదా. ఇది రాస్తుంటేనే ఫోన్‌లో వాడి నుంచి డబ్బుల రిక్వెస్ట్ వచ్చింది. 1,340 రూపాయలు. కింద నోట్‌లో ‘గట్క వాటా’ అని రాశాడు.