సవరణ: ముందు ఫోర్క్‌లో సాగ్ కొలత
మౌంటెన్ బైక్ ఫోర్క్‌లో (ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులను మింగే భాగం) గాలి నింపడం గురించిన గత టపాలో, సీటు మీద కూర్చుని 25 నుంచి 30 శాతం సాగ్ (రైడర్ బరువుకే ఫోర్క్ కుంగే మేర) చూసుకోవాలని ఉంది. అది వెనుక చక్రం కుదుపులను మింగే షాక్‌కు వర్తించే అంకె కనుక, ఫోర్క్‌కు 15 నుంచి 20 శాతంగా చదువుకోగలరు. అంటే 120 మిల్లీమీటర్ల ట్రావెల్ (మొత్తం కుంగగల దూరం) ఉన్న ఫోర్క్ రైడర్ బరువుకు 18 నుంచి 24 మిల్లీమీటర్లు దిగాలి. కంప్రెషన్‌ను (ఫోర్క్ కుంగే వేగాన్ని అదుపు చేసే అమరిక) పూర్తిగా తెరిచి, ఫోర్క్ గొట్టం మీది రబ్బరు రింగును సీలు దాకా దించి, హెల్మెట్, నీళ్ల సంచీతో సహా పెడళ్ల మీద నిలబడి, ఆ తరువాత ఫోర్క్ ఊగకుండా నెమ్మదిగా బైక్ దిగి, రింగు ఎంత జరిగిందో కొలవాలి. కూర్చుంటే బరువు వెనక్కి పోయి ఫోర్క్ గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది. అది నమ్మి గాలి తీసేస్తే దిగుడు బాటలో బ్రేకు వేయగానే ముందు భాగం ఒక్కసారిగా కుంగుతుంది, ఇది నిజంగా ప్రమాదకరం. రీబౌండ్‌ను (కుంగిన ఫోర్క్ తిరిగి లేచే వేగం) గాలి ఒత్తిడి కుదిరాకే సరిచేయాలి.