ఆన్‌లైన్ వేలం పాటగాళ్ళకి రిజర్వేషన్లు కావాలి

ఏ కమిషనూ ఇంకా గుర్తించని అణగారిన వర్గం ఒకటుందండీ, ఇంగ్లండులో జరిగే పాత సామాన్ల వేలంలో ఇక్కడ హైదరాబాద్‌లో లాప్‌టాప్ ముందేసుకుని పాడేవాళ్ళం. మాకు సంఘం లేదు, జెండా లేదు, ధర్నా చౌక్‌లో టెంటు లేదు. ధర్నా కూడా ఆన్‌లైన్లోనే చేద్దామంటే మధ్యలో వీడియో ఆగిపోతుంది.

ముందు టైం సంగతి. అక్కడ పొద్దున పదింటికి మొదలెడితే మనకి ఎండాకాలం రెండున్నర, చలికాలం మూడున్నర, అంటే సరిగ్గా మేనేజర్‌కి రివ్యూ మీటింగ్ గుర్తొచ్చే టైం. గంటకి వంద, నూటిరవై లాట్లు (నంబరేసి అమ్మే సామాన్లన్నమాట) లాగించేస్తారు కాబట్టి మనది 640 అయితే రాత్రి ఎనిమిది దాటాక వస్తుందని లెక్కేసుకుంటాం. వేలం నడిపే ఆక్షనీరేమో ఒక టీ కెటిల్ పట్టుకుని వాళ్ళ అమ్మమ్మ కథ ఎత్తుకుంటాడు, రూములో అందరూ నవ్వుతారు, మనకి జోకు కట్ అయిపోయి నవ్వు ఒక్కటే వినిపిస్తుంది, సరే ఇంకా టైముందిలే అని పప్పులో పోపు పెట్టడానికి లేస్తే అప్పుడే ఆయనకి ఊపొచ్చి నలభై లాట్లు ఊడ్చిపారేస్తాడు.

ఇంతకీ నువ్వు కొనేదేంటయ్యా అంటారా? బిద్రీ హుక్కా బుడ్డి. జింకు, రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, బీదర్ కోట మట్టితో నల్లగా తేలుస్తారే, అదే. ఏ దొరో ఇక్కడ్నించి పట్టుకెళ్ళాడు, ఆయన మనవలెవరో దానికి బెజ్జం కొట్టి వైరు దూర్చి టేబుల్ లాంప్ చేశారు, ఇప్పుడు షేడుతో సహా అమ్ముతున్నారు. మా ఆవిడది ఒకటే ప్రశ్న, "ఎంజీబీఎస్‌లో బస్సెక్కితే బీదర్ మూడు గంటలే కదండీ, కొత్తది కొనుక్కుని రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు". ఈ పిచ్చి పట్టనివాళ్ళకి ఏం చెప్తాం. (మన విశాఖపట్నంలో ఒకప్పుడు ఏనుగు దంతంతో చేసిన పెట్టెలు కూడా అక్కడ వేలానికొస్తుంటాయి, కానీ దంతం జోలికి పోకూడదు, 2022 జూన్ నుంచి వాళ్ళ దగ్గరా గట్టి చట్టం అమల్లోకొచ్చింది, మన దగ్గరైతే ఆ మాటే ఎత్తకూడదు. జూమ్ చేసి చూసి నిట్టూర్చడానికి మాత్రం ఫీజు లేదు, ప్రస్తుతానికి.)

అసలు అన్యాయం పాట దగ్గర. రూములో ఉన్నాయన కనుబొమ్మ ఎగరేస్తే చాలు, అది బిడ్డు. మనం మాత్రం బటన్ నొక్కాలి, అది గుండ్రంగా తిరగాలి, మన వైఫై, సముద్రం కింద కేబులు, వాళ్ళ సర్వరు, ఇన్ని దాటుకుని ఆ హాల్లో ఓ మూల స్క్రీన్ చూసుకుంటూ కూర్చున్న అమ్మాయి దాకా చేరాలి, ఆ అమ్మాయి దయతలచి చెయ్యెత్తాలి. పైగా మనం చూసే వీడియోనే కొన్ని సెకన్ల పాతది. మనం 180 అని ఆవేశంగా నొక్కేటప్పటికి అక్కడ సుత్తి పడిపోయి, అంటే బేరం ముగిసిపోయి, ఆయన తర్వాతి లాటు పింగాణీ కుక్క గురించి పొగుడుతూ ఉంటాడు, మన స్క్రీన్‌లో మాత్రం సుత్తి ఇంకా గాల్లోనే ఉంటుంది. ఇద్దరూ ఒకే రేటు దగ్గర ఆగితే ఎవరికివ్వాలో ఆక్షనీర్ ఇష్టమంట, నెట్ పోతే వాళ్ళకి సంబంధం లేదంట, కండిషన్లలో చీమ తలకాయంత అక్షరాల్లో రాసే ఉంటుంది. మన బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయల దగ్గర మొదలై 2024లో 30 లక్షలు దాటింది, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా బఫరింగ్ అయిందా? నిలబడి అరుస్తారు, వినపడుతుంది, అంతే.

దూరం నుంచి పాడేవాళ్ళలో కూడా జమీందార్లున్నారు, ఫోన్ బిడ్డర్లు. వాళ్ళకి ఆక్షన్ హౌస్ మనిషే కాల్ చేసి చెవిలో రేటు చెప్తాడు. 2018లో లండన్‌లో ఒకావిడ ఇలాగే ఫోన్లో పాడి, గోడల మీద బొమ్మలేసే బ్యాంక్సీ అనే ఆర్టిస్టు బొమ్మని 10.4 లక్షల పౌండ్లకి దక్కించుకుంటే, సుత్తి పడిన వెంటనే ఫ్రేములో దాచిపెట్టిన మిషను దాన్ని సగం దాకా చీరేసింది. ఆవిడ అలాగే ఉంచుకుంది, 2021లో ఆ చిరుగుల బొమ్మే 1.86 కోట్ల పౌండ్లకి పోయింది. మరి మనకి పార్సిల్లో పగిలొచ్చిన వస్తువు రేటు ఎందుకు పెరగదో కళాభిమానులెవరైనా చెప్పాలి.

కేటలాగులో ఎస్టిమేట్ అని, అంటే ఎంతకి పోవచ్చో అంచనా, వేస్తారు, దాన్ని చూసి బడ్జెట్ వేసుకునేవాడంత అమాయకుడు ఉండడు. 2020లో బ్రిస్టల్లో గాంధీ గారి కళ్ళజోడుకి 10 నుంచి 15 వేల పౌండ్లని వేశారు, పోయింది 2.6 లక్షలకి.

సరే ఎలాగోలా గెలిచాం. సుత్తి 200 పౌండ్ల దగ్గర పడింది. దానిమీద 25 శాతం బయ్యర్స్ ప్రీమియం, అంటే కొన్నవాడి దగ్గర ఆక్షన్ హౌస్ గుంజే కమిషన్, 50, ఆ ప్రీమియం మీద 20 శాతం వ్యాట్ 10, ఆన్‌లైన్లో పాడిన పాపానికి ఇంకో 5 శాతం, దానిమీద మళ్ళీ వ్యాటు, మొత్తం 272. ఆ చివరి 12 పౌండ్లు రూములో ఉన్నాయనకి లేవు, మాట వినపడనివాడికే మైకు అద్దె అన్నమాట. ఈ ప్రీమియం 1975లో లండన్‌లో క్రిస్టీస్, సోథబీస్ అనే రెండు పెద్ద ఆక్షన్ హౌస్‌లు తెచ్చిపెట్టినది. ఆ రెండూ తర్వాత కూడబలుక్కుని కమిషన్లు ఫిక్స్ చేసుకున్నాయని బయటపడి కస్టమర్లకి 51.2 కోట్ల డాలర్లు కట్టాల్సొచ్చింది, సోథబీస్ మాజీ ఛైర్మన్ జైలుకి కూడా వెళ్ళొచ్చాడు. ప్రీమియం మాత్రం బయటే ఉంది, ఆరోగ్యంగా పెరుగుతోంది.

అందుకే ప్రభుత్వాలకి మా డిమాండ్లు. సుత్తి వీడియోలో పడ్డాకే నిజంగా పడినట్టు లెక్కేయాలి. ప్రతి ఫోటోలో వస్తువు పక్కన ఒక అగ్గిపెట్టె పెట్టాలి, బుడ్డి అరచేతిలో పట్టేదో అటక మీద పెట్టేదో తెలియక చస్తున్నాం. ఆక్షనీర్ లాటుకి ఒక్కసారైనా కెమెరా వైపు చూసి "హైదరాబాదు, ఉన్నారా?" అని అడగాలి. పార్సిల్ చెయ్యడం మా పని కాదని ఆక్షన్ హౌస్‌లు చెప్పే హక్కుని వెంటనే రద్దు చెయ్యాలి.

మొన్న గెలిచిన లాంప్ గురించి ఇప్పుడే వాళ్ళ మెయిల్ వచ్చింది. శుక్రవారం లోపు స్వయంగా వచ్చి తీసుకెళ్ళాలంట, ఆలస్యమైతే రోజువారీ స్టోరేజీ చార్జీ పడుతుందంట, హాలు వెనకాల పార్కింగ్ మాత్రం ఫ్రీ అంట.