దయచేసి దీన్ని ఆట అనకండి

లోకాన్ని చీకటి కమ్ముకుంటోంది. వెయ్యేళ్లుగా నిద్రపోతున్న దుష్టశక్తి మేల్కొంది. రాజ్యాలు ఒక్కొక్కటే కూలుతున్నాయి. ఇలాంటి వేళ సమస్త జీవకోటికీ నేనే దిక్కని తేల్చిన గ్రామపెద్ద, తల మీద పసుపుపచ్చ ఆశ్చర్యార్థకం వెలుగుతుండగా, నన్ను దగ్గరికి పిలిచి కోరింది పది పంది కాలేయాలు.

ఎందుకని నేను అడగలేదు. అడగడానికి తెర మీద బటన్ లేదు. అంగీకరించడానికి ఒకటి, తిరస్కరించడానికి ఒకటి ఉన్నాయి. తిరస్కరిస్తే లోకం మునిగిపోతుందేమోనని అంగీకరించాను. (తరువాత తెలిసింది, తిరస్కరించినా మునగదు. ఆ దుష్టశక్తికి ఓపిక ఎక్కువ. నేను తగిన లెవెల్‌కు చేరేదాకా గుహలోనే కూర్చుని ఉంటుంది.)

వేలమంది ఒకేసారి ఆన్‌లైన్‌లోకి వచ్చి కత్తులు, మంత్రదండాలు పట్టుకుని తిరిగే ఈ మాయాలోకాలను పెద్దలు కొందరు ఇప్పటికీ ఆట అనే పిలుస్తున్నారు. ఈ మాటను వెంటనే ఉపసంహరించుకోవాలని నా మనవి. ఆటలో సరదా ఉంటుంది. అలసిపోతే ఆపేయవచ్చు. ఇక్కడ అలాంటి బాధ్యతారాహిత్యానికి తావు లేదు.

పంది సంగతే చూడండి. మొదటి పందిని చంపి వెతికితే దాని దగ్గర ఒక కోర, చిరిగిన తోలుముక్క, ఏడు రాగి నాణేలు ఉన్నాయి. కాలేయం లేదు. కాలేయం లేకుండా అది ఇంతకాలం ఎలా బతికిందో, ఆ నాణేలు ఏ సంతలో ఖర్చు పెడదామనుకుందో శాస్త్రజ్ఞులు తేల్చాలి. రెండో పందికీ లేదు. నాలుగో పందికి దొరికింది. మొత్తం ఇరవై మూడు పందులు నేలకొరిగితే గానీ పది కాలేయాలు కూడలేదు. ఈలోగా నాలాగే లోకానికి ఏకైక దిక్కైన మరో ఆరుగురు అదే మైదానంలో అదే పనిమీద తిరుగుతున్నారు. ఒక పంది కనబడితే ఏడుగురం పరుగెత్తాలి. చంపిన పంది కాసేపటికి చంపిన చోటే లేచి గడ్డి మేస్తుంది. రక్తబీజుడైనా మళ్లీ పుట్టాలంటే రక్తపు బొట్టు నేల తాకాలి. ఈ పందికి ఆ నియమం కూడా లేదు.

కాలేయాలు అందుకున్న గ్రామపెద్ద కళ్లు చెమర్చాయి. ‘మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను’ అని ఒక జత పాదరక్షలు ఇచ్చాడు. నా కాళ్లకు అప్పటికే ఉన్నవి వాటికన్నా మేలు. నేను పక్కకు జరగగానే నా వెనకాల నిలబడిన యోధుడితో లోకాన్ని చీకటి కమ్ముకుంటోందని మొదలుపెట్టాడు.

ఇలా పోగుచేసిన అనుభవంతో లెవెల్ పెరుగుతుంది. ఇక్కడి గణితం వేదాంతానికి దగ్గరగా ఉంటుంది. 2001 నుంచి నడుస్తున్న రూన్‌స్కేప్ అనే మాయాలోకంలో ఒక విద్యలో 99వ లెవెల్ చేరడానికి 1,30,34,431 అనుభవ పాయింట్లు కావాలి. 92వ లెవెల్‌కు కావలసినవి 65,17,253. అంటే చేపలు పడుతూనో, చెట్లు నరుకుతూనో నెలల తరబడి కష్టపడి 92కు చేరినవాడు గమ్యానికి దాదాపు సరిగ్గా సగం దారిలో ఉన్నాడన్నమాట. మిగిలిన ఏడు మెట్లూ మొదటి తొంభై రెండు మెట్లంత ఎత్తు. ఈ నిజం తెలిసినా గొడ్డలి కింద పెట్టనివాడిని తపస్వి అనాలి గానీ ఆటగాడు అంటారా?

ఇక అదృష్టం లెక్క. ఫలానా రాక్షసుడిని చంపితే నూటికి ఒకసారి ఖడ్గం దొరుకుతుందని అంటే, నూరుసార్లు చంపితే దొరికి తీరుతుందని అమాయకులు అనుకుంటారు. నూరేసి సార్లు చంపిన నూరుమందిలో ముప్పై ఏడుగురు ఉత్త చేతులతోనే ఇంటికి పోతారు. ఆ ముప్పై ఏడుగురిలో నేను శాశ్వత సభ్యుడిని. మొన్న చేరిన కుర్రవాడికి మొదటి దెబ్బకే అది దొరికింది. పోనీ అతని దగ్గర కొనుక్కుందామా అంటే, తీసుకున్న క్షణంలోనే అది కర్ణుడి కవచంలా అతని ఒంటికి అంటుకుపోయింది. కర్ణుడైనా అడిగితే కోసి ఇచ్చాడు. ఈ కుర్రవాడు కోసి ఇద్దామన్నా కుదరదు.

ఈ లోకాలను నడిపేవారి పాలనా దక్షత గురించి ఒక మాట చెప్పాలి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే లోకం 2004 నవంబరులో వచ్చింది. విడుదలకు ముందు పరీక్షల దశలో, చాలాసేపు ఆడినవారు అలసిపోయినట్లు లెక్కగట్టి, అనుభవం సగమే దక్కేలా పెట్టారు. జనం మండిపడ్డారు. అప్పుడు నిర్మాతలు అంకెల నిష్పత్తిని ముట్టుకోలేదు, పేరు మార్చారు. పాత మామూలు రాబడిని ‘విశ్రాంతి తీసుకున్నవారికి రెట్టింపు’ అన్నారు, పాత శిక్షను ‘మామూలు’ అన్నారు. జనం జేజేలు పలికారు. నిద్రపోయినందుకు బహుమతి ఇచ్చే రాజ్యంలో కుంభకర్ణుడు ఏ లెవెల్‌లో ఉండేవాడో ఊహించుకోండి.

ఒంటరిగా పందులు చంపే దశ దాటాక అసలు సంసారం మొదలవుతుంది. గిల్డ్ అనే ఉమ్మడి కుటుంబంలో చేరాలి. అక్కడ మూడే వర్ణాలు: దెబ్బలు తినే ట్యాంక్, దెబ్బలు మాన్పే హీలర్, దెబ్బలు కొట్టే మిగతా అందరూ. రాక్షసుడికి తెలివి లేదని ఎవరన్నారు? ఎవరి మీద ఎంత పగ పెంచుకోవాలో పద్దు రాసుకుంటాడు. కొడితే పగ, తిడితే ఇంకా పగ, కొట్టించుకున్నవాడికి మందు వేస్తే ఆ వేసినవాడి మీదా పగే. ఆ పగంతా ట్యాంక్ మీదే ఉండేలా చూడటం యుద్ధకళ. వార్‌క్రాఫ్ట్‌లో దీనికి శాతాలు కూడా ఉన్నాయి. ట్యాంక్ సంపాదించిన పగలో 110 శాతాన్ని దగ్గరగా నిలబడ్డవాడు దాటినా, 130 శాతాన్ని దూరంగా నిలబడ్డవాడు దాటినా రాక్షసుడు ట్యాంక్‌ను వదిలి వాడివైపు తిరుగుతాడు. కాబట్టి శత్రువును గట్టిగా కొట్టాలి, కానీ మరీ గట్టిగా కొట్టకూడదు. మా గిల్డ్‌లో అందరూ ఓడిపోయిన ప్రతిసారీ తప్పు హీలర్‌దే. గెలిస్తే హీలర్ ఉన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. నేను హీలర్‌ని.

కురుక్షేత్రం పద్దెనిమిది రోజులు సాగిందని గొప్పగా చెప్పుకుంటాం. అక్కడ పొద్దుగూకితే శంఖం ఊది శిబిరాలకు పోయేవారు (ద్రోణుడి హయాంలో ఒక రాత్రి తప్పిందనుకోండి). 2008లో ఫైనల్ ఫాంటసీ 11 అనే మరో మాయాలోకంలో ఒక గిల్డ్ ఒకే ఒక్క రాక్షసుడితో పద్దెనిమిది గంటలు ఏకబిగిన పోరాడింది. కొందరికి వాంతులయ్యాయి. రాక్షసుడికి ఏమీ కాలేదు. చివరికి మనుషులే విరమించుకున్నారు. ఆ తరువాత నిర్మాతలు దయతలచి, రెండు గంటల్లో చావకపోతే ఆ రాక్షసుడే వెళ్లిపోయేలా ఏర్పాటు చేశారు.

ఇంత చెప్పినా నమ్మనివారు పండితులను అడగండి. ఎడ్వర్డ్ కాస్ట్రోనోవా అనే ఆర్థికవేత్త 2001లో ఎవర్‌క్వెస్ట్ అనే ఇలాంటి ఆన్‌లైన్ ఆటలోని (క్షమించాలి, ఆట అన్నాను) నోరాత్ లోకానికి తలసరి ఉత్పత్తి లెక్కగట్టి, దాన్ని రష్యాకూ బల్గేరియాకూ మధ్య నిలబెట్టాడు. వార్‌క్రాఫ్ట్‌లో 2005లో ఒక పాముదేవుడి అంటుకునే శాపం గుహలో ఆగక, పెంపుడు జంతువుల ద్వారా నగరాలకు పాకి వీధులను ఎముకలతో నింపితే, అంటువ్యాధుల నిపుణులు దాన్ని అధ్యయనం చేశారు. 2007లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో వ్యాసం వచ్చింది. గోళీలాట మీద అలాంటి పత్రికలో వ్యాసం వచ్చిందా?

రాక్షసుడు చచ్చాక దొరికిన సొత్తు పంపకానికి ఎవర్‌క్వెస్ట్ కాలంలోనే డ్రాగన్ వధ పాయింట్లు అనే పద్ధతి పుట్టింది. హాజరైతే పాయింట్లు, ఆలస్యమైతే కోత, కూడబెట్టుకున్నవాడికి వస్తువు. మా గిల్డ్ నాయకుడు ఈ పట్టికను నాలుగు రంగుల్లో నిర్వహిస్తాడు. వయసులో నాకన్నా ఇరవై ఏళ్లు చిన్న. మర్యాదస్తుడు, నన్నెప్పుడూ ‘మీరు’ అనే అంటాడు. పోయిన శనివారం కూడా ‘మీరు ఎందుకు చచ్చారు?’ అనే అడిగాడు. మంటలో నిలబడ్డానని ఒప్పుకున్నాను. ఎందుకు నిలబడ్డారో రాసి ఇమ్మన్నాడు. రాసి ఇచ్చాను.

ఈ గురువారం రాత్రి మళ్లీ దాడి ఉంది. తెల్లవారి ఆఫీసులో ముఖ్యమైన సమావేశం ఉందని, ఒక్క రాత్రికి సెలవు ఇప్పించమని వినయంగా అర్జీ పెట్టుకున్నాను. కారణం అంత బలంగా లేదని తిరస్కరించాడు. ఆఫీసుకు మాత్రం జ్వరమని రాశాను. అక్కడ వెంటనే ఒప్పుకున్నారు.