మరచిపోవడమూ ఆ జబ్బులో భాగమే

ఒడిశాలోని బరంపురంలో డయాలసిస్ చేయించుకుని ఇంటికి చేరిన మనిషి, ఏ మాత్ర అన్నంతో పాటు వేసుకోవాలో, రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో మరచిపోతే ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. పొటాషియం ఎక్కువని వద్దన్న కొబ్బరినీళ్లు మళ్లీ తాగితే, చెప్పిన మాట వినడని ఆస్పత్రిలో మందలిస్తారు. అది మొండితనం కాకపోవచ్చు. మూత్రపిండాలు చెడేకొద్దీ ఆలోచనాశక్తి కూడా మందగిస్తుందని వైద్యులు ఎన్నో ఏళ్లుగా గమనిస్తున్నారు.

మూత్రపిండాల్లోనూ మెదడులోనూ ఉండే సన్నని రక్తనాళాలను రక్తపోటు, మధుమేహం ఒకే తీరుగా దెబ్బతీస్తాయి. వడపోతకు నోచుకోని వ్యర్థాలు, రక్తహీనత ఆ నష్టాన్ని పెంచుతాయి. ముందుగా తగ్గేది తరచుగా పాత జ్ఞాపకం కాదు, ఏకాగ్రత, పనులను వరుసగా అమర్చుకునే నేర్పు. అందుకే చిన్ననాటి సంగతులు తడుముకోకుండా చెప్పే పెద్దాయన మాత్రల లెక్క దగ్గర తడబడతాడు, ఆయనకు మతిమరుపు ఉందన్న అనుమానమే ఎవరికీ రాదు. అమెరికాలోని మిన్నెసోటాలో 55 ఏళ్లు దాటిన డయాలసిస్ రోగులను పరీక్షించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో 37 శాతం మందికి ఆలోచనాశక్తిలో తీవ్రమైన లోపం కనిపించగా, వైద్య రికార్డుల్లో అది నమోదైనది 3 శాతం మందికే. అక్కడే ఇంత మరుగున పడితే, ఇక్కడ ఎంత పడుతోందో ఊహించడానికే బాధగా ఉంది.

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి; కిడ్నీ జబ్బుకు పేరుపడిన ఉద్దానం నుంచీ రోగులు సరిహద్దు దాటి బరంపురం వస్తుంటారు. వీరి జ్ఞాపకశక్తిని ఒడియాలో పరీక్షిస్తే తేలేది మెదడు లోపమో భాష లోపమో చెప్పలేం. బడి ముఖం చూడని మనిషి చేత గడియారం బొమ్మ గీయించి మార్కులు వేయడమూ అన్యాయమే. కాబట్టి ఈ జిల్లాల డయాలసిస్ కేంద్రాల్లో చదువు రానివారికీ సరిపడే జ్ఞాపకశక్తి పరీక్షను తెలుగులో, తెలుగు వచ్చిన సహాయకులను ఏర్పాటు చేయాలని ఒడిశా ఆరోగ్య శాఖను కోరుతున్నాము. 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం జబ్బు మూలాన్ని వెతకడంతో పాటు ఈ విషయాన్నీ చేపట్టి, రెండు రాష్ట్రాల వైద్యులతో కలిసి పనిచేయాలి.

డబ్బు పెద్దగా అక్కరలేని పనులూ ఉన్నాయి. డయాలసిస్ సాగుతున్న గంటల్లో ఆలోచన మరింత మసకబారుతుంది గనుక ఆహార నియమాలు, మందుల మార్పులు అప్పుడు చెప్పకూడదు. ఇంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని మరో వేళ చెప్పాలి. కండరాల బిగువుకు వాడే బాక్లోఫెన్, నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ వంటి మందులు కిడ్నీ రోగుల ఒంట్లో పేరుకుని అయోమయం తెస్తాయి. మతిమరుపని ముద్ర వేసే ముందు మందుల చీటీ చూడాలి. డయాలసిస్ మొదలుపెట్టాలా, కిడ్నీ మార్పిడికి వెళ్లాలా అన్న నిర్ణయాలను మనిషి తెలివి నిలకడగా ఉన్నప్పుడే, అతనికి వచ్చిన భాషలో చర్చించాలి. సంతకం తీసుకునే ముందు అతనికి ఏం అర్థమైందో అతని చేతే చెప్పించుకోవాలి.