టీ గదిలో అతిథికీ పనుంటుంది

టీ తాగేసి గిన్నె చాప మీద పెట్టాను. ఎదురుగా టీ కలిపిన ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నారు. ఏమైనా మరిచిపోయారేమో అనుకున్నాను. ఇంతలో మా గైడ్ గొంతు సవరించుకుని ఆ గిన్నె ఎక్కడి మట్టితో చేశారో ఇంగ్లిష్‌లో చెప్పడం మొదలుపెట్టాడు. గిన్నె గురించి అక్కడ అడగాల్సింది నేనేనని హోటల్‌కి తిరిగొచ్చి చదువుకున్నాక గానీ తెలియలేదు.

జపాన్‌లోని క్యోటోలో గంట సేపు సాగే ఇలాంటి సంప్రదాయ టీ కార్యక్రమాలు వీధికొకటి ఉన్నాయి. మేం వెళ్లినప్పుడు ఎనిమిది మందిమి. కావాలంటే వాళ్ల సంప్రదాయ దుస్తులు, కిమోనో, అద్దెకిస్తారు, ఫొటోలు తీసుకోవచ్చు. ఇదంతా టూరిస్టుల కోసం పెట్టిన డ్రామా అనీ, అసలైన టీ ఇది కాదనీ తీసిపారేసేవాళ్లున్నారు. నాకు ఆ మాట ఒప్పుకోబుద్ధి కాదు.

ఎందుకంటే ఆర్భాటం ఈ కళకు కొత్త కాదు. దీనికి ఇప్పటి రూపం ఇచ్చిన సెన్ నో రిక్యూ రెండు చాపలు మాత్రమే పట్టే గదిలో, నల్లటి మట్టిగిన్నెలో టీ ఇచ్చాడు. నిజమే. కానీ ఆయన కొలువు చేసిన పాలకుడు హిదెయోషి బంగారు రేకు తాపిన టీ గది కట్టించుకున్నాడు. 1587లో కితానో గుడి తోటలో పెద్ద టీ జాతర పెట్టి, గిన్నె తెచ్చుకుంటే చాలు, సామాన్యులు కూడా రావచ్చన్నాడు. పది రోజులనుకున్నది ఒక్క రోజుతో ముగించేశాడు. 1591లో రిక్యూని పొట్ట చీల్చుకుని చావమని ఆజ్ఞాపించిందీ అతనే. విదేశీయుల కోసం సర్దుకోవడమూ పాతదే. 1872లో క్యోటో ప్రదర్శనకు పరదేశీలు వస్తారని, వాళ్లు మోకాళ్ల మీద కూర్చోలేరని టీ కళను నేర్పే ఉరాసెన్కే అనే సంప్రదాయానికి పీఠాధిపతి బల్లలూ స్టూళ్లూ వేసి టీ ఇచ్చే పద్ధతి తయారుచేశాడు. దాన్నే ర్యూరే అంటారు. ఇప్పటికీ నడుస్తోంది.

కుర్చీ వేసినంత మాత్రాన అతిథి పని తగ్గలేదు. నేటి ప్యాకేజీలో ఎగిరిపోయింది ఆ పనే.

పూర్తి టీ విందుకు దాదాపు నాలుగు గంటలు పడుతుంది. బొగ్గు పేర్చడం, భోజనం, మధ్యలో తోటలోకి వెళ్లి రావడం, ఒకే గిన్నెలో అందరూ పంచుకునే చిక్కటి టీ, చివరికి పలచటి టీ. మనకు దొరికేది ఆ చివరి ముక్క. అందులోనూ అతిథికి చేతినిండా పనుంటుంది. ముందే ఉంగరం, వాచీ తీసేయాలి, గిన్నెకు గీత పడకుండా. పక్కవారి వైపు తిరిగి ‘మీకంటే ముందు తాగుతున్నాను’ అని తలవంచాలి. పంక్తిలో పెద్దాయన ముద్ద ఎత్తేదాకా ఆగే అలవాటున్న మనకు ఇది వింతేమీ కాదు. గిన్నె ముఖభాగం మన వైపు ఉంటుంది కాబట్టి అక్కడ పెదవి తగలకుండా రెండుసార్లు తిప్పాలి. చివరి గుక్క చప్పుడు చేస్తూ జుర్రాలి. మన ఇంట్లో అయితే అమ్మ కళ్లురిమేది! తరవాత మోచేతులు తొడలకు ఆనించి, చాపకు దగ్గరగా పట్టుకుని గిన్నెను చూడాలి, జారినా పగలకుండా. అప్పుడు ముఖ్య అతిథి నోరు విప్పి అడుగుతాడు, ఈ గిన్నె ఎక్కడిది, ఈ వెదురు చెంచాకి ఏం పేరు పెట్టారు అని. చెంచాకి కూడా పేరుంటుంది. ఆ రోజు వాతావరణాన్నో, వచ్చినవాళ్లనో మనసులో పెట్టుకుని ఏరిన వస్తువులవి. అడిగేవాళ్లు లేకపోతే ఆ ఏరిక ఎవరికీ పట్టదు.

మా గైడ్ మంచివాడే. అన్నీ మేం అడగకముందే చెప్పేశాడు. దాంతో మేం సినిమా హాల్లో కూర్చున్నట్టు కూర్చున్నాం. ఒకాయన మొదటి నుంచి చివరి దాకా ఫోన్‌లో వీడియో తీశాడు, టీ చల్లారిపోయింది. నాకు మాత్రం తిమ్మిరెక్కిన కాలి మీదే ధ్యాస. అక్కడ కూర్చునే తీరు మన వజ్రాసనమే, పది నిమిషాలు దాటితే చుక్కలు కనిపిస్తాయి.

రుచి గురించి ఒక మాట. స్వీట్ తిన్నాక కాఫీ చప్పగా ఉంటుందని మనం జాగ్రత్తపడతాం. అక్కడ తీపి ముందే పెట్టేస్తారు. పాలూ చక్కెరా లేని పచ్చటి పొడి, వేడినీళ్లలో గిలక్కొట్టిన నురగ. నాలుక మీద మిగిలిన తీపి ఆ చేదుకి సరిపోతుంది. తీపి వదిలేసి నేరుగా తాగి మొహం చిట్లించిన వాళ్లను అక్కడే చూశాను.

2024లో మాచా అనే ఈ పచ్చటి టీ పొడి మోజు ఎంత ముదిరిందంటే క్యోటోలో పేరున్న దుకాణాలు మనిషికి ఇన్ని డబ్బాలే అని పరిమితి పెట్టాయి. అందుకే చాలామంది ఆ గదికి టీ రుచి చూడటానికే వస్తున్నారు, అది తప్పూ కాదు. కాకపోతే వెళ్లేవాళ్లు బుక్ చేసే ముందు కిమోనో ఉందా అని కాకుండా, టీ కలిపి ఇచ్చేవాళ్లతో నేరుగా మాట్లాడే వీలుందా అని కనుక్కోండి. మోకాళ్లు సహకరించకపోతే ర్యూరే అడగండి. గిన్నె కింద పెట్టాక గైడ్ గొంతు సవరించుకునేలోపే ఇదెక్కడిదండీ అని అడిగేయండి.